కరకట్ట మీద ఇల్జబె

ఓల్డెన్‌డైక్, 9 మార్చి 1961

తమ్ముడూ మార్టెన్,

మీ ఓడ వల్పరైసో చేరేసరికి ఈ ఉత్తరం అక్కడి ఓడల ఏజెంటు దగ్గర నీకోసం కాచుకుని ఉండాలని విమానం టపాలో వేస్తున్నాను. ఇంజను గదిలో చెమటలు కక్కేవాడికి ఇక్కడి చలి కబుర్లు ఎందుకులే. నేరుగా సంగతికి వస్తాను.

గుర్రాలు పోతున్నాయి. పోయిన వారం పక్క పొలం హిన్నెర్క్ టోడె తన మూడు ఆడగుర్రాలనీ కబేళా లారీ ఎక్కించాడు. లారీ మలుపు తిరిగేదాకా కొట్టంలోంచి బయటికే రాలేదు. ఆ కొట్టంలో ఇప్పుడు ట్రాక్టరు ఉంది. నిన్న మన ఇంటికొచ్చి కాఫీ తాగుతూ, "దానికి పొద్దున్నే గడ్డి వెయ్యక్కర్లేదు వీబ్కె, అదొక్కటే సుఖం" అన్నాడు. నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

ఈ జిగటమట్టిలో నాగలికి, యుద్ధంలో ఫిరంగులకి, పెళ్ళిళ్ళలో బండికి పనికొచ్చిన జాతి మనది. ఆ మూడు పనులకీ ఇప్పుడు గుర్రం అక్కర్లేదు. ఇకమీదట మన హోల్‌స్టైన్ గుర్రం బతకాలంటే స్వారీకీ, కంచెలు దూకే పోటీలకీ పనికిరావాలని ఎల్మ్స్‌హోర్న్‌లో గుర్రాల సంఘంవాళ్ళు అంటున్నారు. అందుకని ఇంగ్లండు నుంచి పందెపు జాతి విత్తనపు గుర్రాన్ని తెచ్చారు. ఊళ్ళోవాళ్ళు దానికి ఇంగ్లీషు దొర అని పేరు పెట్టారు. మన బలమూ దాని చురుకూ కలిసిన పిల్ల పుడుతుందని సంఘంవాళ్ళ ఆశ.

మన ఇల్జబెని ఆ దొర దగ్గరికి తీసుకెళ్ళాలని నాకుంది. పన్నెండేళ్ళ గుర్రమని నవ్వకు. పోయిన అక్టోబరులో దుంపల బండి నుంచి విప్పగానే, ఎవరూ అదిలించకుండానే మన పెద్ద కాలవ దూకి అవతలి గట్టున నిలబడింది. నీళ్ళు కూడా తగల్లేదు. మెడ వంచి, ఇందులో ఏముంది అన్నట్టు నా వైపు చూసింది. నేనొక్కదాన్నే చూశాను.

నాన్న పోయినప్పటినుంచి అది సగం నీది, సగం నాది. అందుకే అడుగుతున్నాను. ఏప్రిల్ దాటకుండా జవాబు రాయి. పెదనాన్నని అడగమంటావేమో, ఆయన సంఘం గేటు తొక్కనని ఒట్టేసుకుని కూర్చున్నారు.

అక్కడి నీళ్ళు కాచకుండా తాగకు.

నీ అక్క వీబ్కె


వల్పరైసో రేవు, 6 మే 1961

అక్కా,

ఇంజను చెడి పనామాలో వారాల తరబడి పడి ఉన్నాం. నీ ఉత్తరం ఈరోజే చేతికొచ్చింది. ఏప్రిల్ దాటిపోయిందని తెలుసు. నువ్వు ఆగే ఉంటావని నమ్మి రాస్తున్నాను.

వద్దు.

ఆ పందెపు గుర్రాలని నేను ఇక్కడ మైదానంలో చూశాను. కాళ్ళు కాదు, పుల్లలు. ఒక్క గుంటలో పడితే విరుగుతాయి. మన మట్టి మోకాలి దాకా దిగబడే మట్టి. తరతరాలుగా మనవాళ్ళు దానికి తగ్గ గట్టి ఎముకని జాతిలో పెంచుకుంటూ వచ్చారు. నువ్వు ఒక్క ఏడాదిలో అది కరగబెడతానంటున్నావు.

నాకు పదిహేనేళ్ళప్పుడు నాన్న ఇల్జబెని బండికి అలవాటు చెయ్యమని నాకే అప్పజెప్పారు. నీక్కాదు. దెప్పడానికి అనడం లేదు, గుర్తు చేస్తున్నాను.

వచ్చే మార్చితో ఒప్పందం అయిపోతుంది. సముద్రం చాలించి వచ్చేస్తాను. తిరిగొచ్చేసరికి ఊళ్ళో ఒక్కటైనా నేను వదిలి వెళ్ళినట్టే ఉండాలి. అంతకంటే ఏమీ అడగను.

మార్టెన్


ఓల్డెన్‌డైక్, 2 జూన్ 1961

తమ్ముడూ,

నీ ఉత్తరం మే నెలాఖరుకి వచ్చింది. నేను ఏప్రిల్ ఇరవై అయిదు దాకా పోస్టువాడి సైకిలు గంట కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. అదను దాటిపోతుందని ఆ తర్వాత ఇల్జబెని నడిపించుకుని వెళ్ళాను. ఇప్పుడది చూడి.

అక్కడ విత్తనపు గుర్రాలని చూసుకునే పెద్దాయన పేరు రైమర్స్. కొట్టం ముందు అడ్డుకర్ర పడి ఉంటే, ఇల్జబె తాడు చేతిలో ఉండగానే దాన్ని దాటేసింది. ఆయన చుట్ట నోట్లోంచి తీసి, "దీనికి దూకడం ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాడు.

"మా కాలవ," అన్నాను.

"మీ కాలవకి జీతం పెంచండి," అన్నాడు.

ఇంగ్లీషు దొర కాళ్ళు సన్ననే, ఒప్పుకుంటాను. కాని నువ్వు వదిలి వెళ్ళినట్టే ఉంచాలంటే ఎలాగో చెప్పు. నువ్వు వదిలి వెళ్ళినప్పుడు ఊళ్ళో ఇరవై ఆడగుర్రాలు ఉండేవి. ఇప్పుడు నాలుగు. ఏ మార్పూ లేకుండా ఉన్నవన్నీ లారీ ఎక్కాయి.

కోపగించుకో, పరవాలేదు. కాని పెదనాన్న నీకు ఏదో రాశారని విన్నాను. అది మాత్రం నమ్మకు.

వీబ్కె అక్క


కయావో రేవు, 19 సెప్టెంబరు 1961

అక్కా,

పెదనాన్న ఏదో రాశారు, నమ్మకు అన్నావు. ఏం రాశారో నువ్వు చెప్పలేదు. ఆ ఉత్తరం మూడు రేవులు నా వెంట తిరిగి ఇక్కడ దొరికింది. అందాకా నేను పడ్డ ఆలోచనలు నీకెందుకు.

నువ్వు ప్రతి శనివారం ఎల్మ్స్‌హోర్న్ వెళ్తున్నావని, ఆ రైమర్స్‌ని పెళ్ళాడబోతున్నావని, ఇల్జబెని కట్నంలా వెంట తోలుకుపోయి సంఘం కొట్టంలో కట్టేస్తావని రాశారు. పొలం కౌలుకిస్తావట. ఇంగ్లీషు దొరకి పుల్లకాళ్ళ పిల్లలే పుడతాయట. నేను మార్చిలో దిగేసరికి ఇంటికి తాళం ఉంటుందట.

ఆయన అన్నీ పెంచి చెబుతారని తెలుసు. కాని గుర్రాన్ని నా జవాబు రాకముందే తీసుకెళ్ళావు కదా. ఆ ఒక్కటి చేసినదానివి మిగతావి చెయ్యవని నేను దేన్ని పట్టుకుని నమ్మాలి?

నేను వచ్చేదాకా ఇల్జబెని తన కొట్టంలో ఉంచుకోమని పెదనాన్నకి రాశాను. సంతకం పెట్టి మరీ రాశాను. అడ్డం చెప్పకు. ఇద్దరి సొత్తు ఒకరి చేతిలో ఉండకపోవడమే మంచిది.

మార్టెన్


ఓల్డెన్‌డైక్, 5 నవంబరు 1961

మార్టెన్ గారికి,

మీరు రాసిన కాగితం పట్టుకుని యోహాన్ పెదనాన్న వచ్చారు. ఇల్జబెని ఇచ్చేశాను. తలతాడు కూడా కొత్తది వేసి ఇచ్చాను.

"నేనడిగింది కాదే, వాడే రాశాడు చూడు," అన్నారు వాకిట్లో నిలబడి.

"చూశాను పెదనాన్నా. వాడి సంతకం నాకు తెలుసు."

"ఓసారి కాఫీ అయినా పొయ్యవా?"

"చల్లారిపోయింది," అన్నాను.

ఆయన కొట్టం ఎక్కడుందో మీకు గుర్తుందో లేదో. మన ఇల్లు దిబ్బ మీద ఉంది. ఆయనది ఏటి కరకట్ట పక్కనే, పల్లంలో. శీతకాలమంతా ఆ గోడలు చెమ్మగిల్లే ఉంటాయి. చూడి గుర్రాన్ని అక్కడ కట్టారు. అది మీ ఇష్టం, సగం మీది.

రైమర్స్‌కి అరవై దాటాయి. భార్య ఉంది, మనవలున్నారు. శనివారాలు నేను వెళ్ళేది ఆవిడ వండే క్యాబేజీ కూరకీ, గుర్రప్పిల్లలకి జీను అలవాటు చెయ్యడం నేర్చుకోవడానికీ. మీరు అడిగి ఉంటే ఒక్క ముక్కలో చెప్పేదాన్ని. మీరు నన్ను అడగలేదు, నా గురించి విన్నది నమ్మారు.

పొలం దున్నడం అయింది.

వీబ్కె


గ్వయాకిల్ రేవు, 22 జనవరి 1962

అక్కా,

నన్ను గారు అన్నావు. ఆ మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

ఇక్కడ మా ఓడలో కొత్తగా ఒక కుర్రాడు చేరాడు, మనవైపు గ్లూక్‌స్టాట్‌వాడు. ఎల్మ్స్‌హోర్న్ రైమర్స్ తెలుసా అని మాటవరసకి అడిగాను. "ఆ తాతా? మా అమ్మమ్మకి చెల్లెలి మొగుడు. గుర్రాలకి తప్ప ఎవరికీ పలకడు," అన్నాడు. ఇంజను గది చీకట్లో నా మొహం వాడికి కనబడలేదు, అదే నయం.

అడక్కుండా నమ్మాను. తప్పు నాదే. దూరాన ఉన్నవాడికి ఏ సంగతైనా ఎవరు ముందు రాస్తే వాళ్ళదే నిజమనిపిస్తుంది. ఇది సాకు కాదు, అలా జరుగుతోందని చెబుతున్నానంతే.

పెదనాన్నకి ఇచ్చే చీటీ ఇందులోనే పెట్టాను. ఇల్జబెని మన దిబ్బ మీదికి తెచ్చుకో. దాని పొట్ట ఎంత ఉందో రాయి. మార్చి ఆఖరుకి ఈనుతుందా?

ఇంగ్లీషు దొర సంగతిలో నా మాట నేను వెనక్కి తీసుకోవడం లేదు. పిల్లని చూశాక మాట్లాడతాను.

నీ తమ్ముడు మార్టెన్


పనామా కాలవ, 19 ఫిబ్రవరి 1962

అక్కా,

రేడియోలో విన్నాం. హాంబర్గ్‌లో సగం నీళ్ళలో ఉందట. ఎల్బె పొడుగునా, మన ఏటి మీద కూడా కరకట్టలు తెగాయట. చచ్చిపోయినవాళ్ళ లెక్క గంటగంటకీ పెరుగుతోంది. ఊళ్ళ పేర్లు చదువుతుంటే మన పక్క ఊరి పేరు వచ్చింది, తర్వాత గరగరమని ఆగిపోయింది.

రెండు తంతులు కొట్టాను. లైన్లు లేవని తిప్పి పంపారు.

ఇల్లు దిబ్బ మీద ఉందని, నీకేమీ కాదని నాకు నేనే చెప్పుకుంటున్నాను. కాని ఇల్జబె పెదనాన్న కొట్టంలో ఉంటే నువ్వు దిబ్బ మీద ఊరుకోవు. నువ్వు నీళ్ళలోకి దిగుతావు. అక్కడ కట్టమన్నది నేను. జనవరి ఉత్తరం నీకు అందిందా? అంది ఉంటే ఇల్జబె మన ఇంట్లోనే ఉండాలి. అందకపోతే?

కురసావోలో మా ఓడ ఇంజను నూనెకి ఆగుతుంది. అక్కడి ఏజెంటు చిరునామా రాస్తున్నాను. బతికున్నానని ఒక్క మాట రాయి. మిగతాది తర్వాత.

మార్టెన్


ఓల్డెన్‌డైక్, 23 ఫిబ్రవరి 1962

తమ్ముడూ,

బతికున్నాను. పెదనాన్న బతికి ఉన్నారు. ఇల్జబె బతికి ఉంది. ఇక నెమ్మదిగా చదువు.

నీ జనవరి ఉత్తరం పద్నాలుగో తారీఖున అందింది. ఆ రోజే చీటీ పట్టుకుని వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. పెదనాన్నే ఇల్జబెని నడిపించుకుని వచ్చి నా వాకిట్లో అప్పజెప్పాలని నా పౌరుషం. చీటీ టోడె చేత పంపాను. శనివారం తెస్తానని ఆయన కబురు పెట్టారు. గాలివాన శుక్రవారం వచ్చింది.

శనివారం పొద్దున తలుపు తీస్తే గడప దాకా నీళ్ళు. పొలం లేదు, దారి లేదు, కంచెల కొసలు మాత్రం నీళ్ళ మీద గీతల్లా ఉన్నాయి. టోడె రెల్లు కోసుకునే పడవలో వచ్చాడు. ట్రాక్టరు మునిగిపోయిందని చెప్పి, "ఎక్కు వీబ్కె, మీ పెదనాన్న ఇంటి పొగగొట్టం కనబడుతోంది," అన్నాడు.

పెదనాన్న అటక కిటికీలో కూర్చుని ఉన్నారు. రాత్రి చొక్కా మీద కోటు, నెత్తిన పాత సైనికుల టోపీ. కింద కొట్టంలో నీళ్ళు గోడలకి కొట్టుకుంటున్నాయి. ఇంకే చప్పుడూ లేదు.

"ఇల్జబె ఏదీ పెదనాన్నా?"

"నేను బతికున్నానా అని అడగవుటే?"

"కనబడుతున్నారుగా."

ఆయన్ని పడవలోకి దింపాం. తర్వాత చెప్పారు. కట్ట తెగిన చప్పుడు విని దిగేసరికి నడుము లోతు ఉందట. ఆవులన్నీ వరసగా మెడగొలుసులతో కట్టి ఉన్నాయి. ఒక చివర ఆవులు, రెండో చివర ఇల్జబె. ఒక వైపుకే టైముంది. ఆయన ఇల్జబె వైపు వెళ్ళారు. తాడు విప్పి, తలుపు తోసి, పిర్ర మీద కొట్టి నీళ్ళలోకి తోలారు. తిరిగేసరికి ఆవుల దగ్గరికి వెళ్ళడానికి లేకపోయింది.

"ఆవులు మీవి కదా పెదనాన్నా. అది మాది."

"పొట్టతో ఉంది కదే," అన్నారు.

పదకొండు ఆవులు, తమ్ముడూ. వాటి పేర్లన్నీ నీకు తెలుసు.

ఇల్జబె ఎటు వెళ్ళిందో చీకట్లో ఆయనకి కనబడలేదు. మేం కరకట్ట మిగిలిన ముక్క వైపు పడవ తోశాం. ఆ ఎత్తు మీద ఎవరెవరివో గొర్రెలు, దూడలు, దుప్పట్లు కప్పుకున్న మనుషులు. వాళ్ళ మధ్య ఇల్జబె నిలబడి ఉంది. కొట్టానికీ కట్టకీ మధ్య రెండు పెద్ద కాలవలు, ఒక ముళ్ళతీగ కంచె ఉన్నాయని నీకు తెలుసు. ఛాతీ మీద చర్మం చీరుకుపోయి వేలాడుతోంది. ఎవరో ముసలావిడ చలికి దాని పొట్టకి వీపు ఆన్చి కూర్చుంది. "మీదా అమ్మా ఇది? కాసేపుండి తీసుకెళ్ళు, వెచ్చగా ఉంది," అంది.

కాసేపుండే, నీళ్ళు కాస్త తీశాక తీసుకొచ్చాను.

గాయం కుట్టించాం. జ్వరం ఉంది, దగ్గుతోంది. పిల్ల కదులుతోందని పశువుల డాక్టరు చెవి పెట్టి చెప్పాడు. నమ్మకంగా మాత్రం ఏమీ చెప్పలేదు. పెదనాన్న మన ఇంట్లోనే ఉన్నారు. దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటున్నారు. నాతో మాట్లాడరు, దానితో మాట్లాడతారు.

నీ మీద కోపం లేదు. ఉన్నదంతా నీళ్ళలో పోయింది.

వీబ్కె అక్క


కురసావో, 2 మార్చి 1962

అక్కా,

ఏజెంటు నీ ఉత్తరం చేతికివ్వగానే రేవు గట్టు మీదే కూర్చుని చదివాను. మా చీఫ్ ఇంజనీరు వచ్చి, "ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడిగాడు. "లేదు, అందరూ ఉన్నారు," అన్నాను. అందరూ ఉంటే ఏడుస్తున్నావేమిట్రా అన్నట్టు చూసి వెళ్ళిపోయాడు.

పెదనాన్న ఉత్తరం మీద నాకున్న కోపం ఏం చేసుకోవాలో తెలియడం లేదు. పదకొండు ఆవులు. లిజెట్టా? బ్రౌనె కూడానా?

పిల్ల పుట్టగానే రోటర్‌డామ్‌కి రాయి. కాళ్ళు పుల్లల్లా ఉన్నా ఏమీ అనను, మాటిస్తున్నాను. వల్పరైసోలో పోటీగుర్రాలకి వేసే నీలం జరీ తలతాడు ఒకటి ఎప్పుడో కొని పెట్టెలో పడేశాను. ఇంగ్లీషు దొర బిడ్డకి సరిపోతుంది.

మార్టెన్


ఓల్డెన్‌డైక్, 9 మార్చి 1962

తమ్ముడూ,

ఇల్జబె మంగళవారం ఈనింది. రోజులు నిండలేదు. ఆడపిల్ల. ఊపిరి తియ్యలేదు.

రైమర్స్ కబురందగానే వచ్చాడు. గడ్డితో రుద్దాడు, ముక్కులోకి ఊదాడు, వెనక కాళ్ళు పట్టి పైకెత్తాడు. పెదనాన్న, ఆయన ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని, ఒకరు చెప్పకుండానే ఇంకొకరు అందుకుంటూ పని చేశారు. చివరికి రైమర్స్ తన టోపీ తీసి గడ్డి మీద పెట్టాడు. అప్పుడు తెలిసింది నాకు.

అందమైన పిల్ల మార్టెన్. నుదుట తెల్ల చుక్క. మెడ తల్లిది. కాళ్ళు పొడుగు, ఎంత పొడుగో. ఇల్జబె దాన్ని నాకుతూనే ఉంది, లేవమని మూతితో తోస్తూనే ఉంది. నేను చూడలేక బయటికి వెళ్ళి పంపు దగ్గర నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి పెదనాన్న ఆ పిల్ల ముందు కాలు చేత్తో పట్టుకుని ఉన్నారు. మోకాలి కింద బొటనవేలు, చూపుడువేలు చుట్టి, పైకీ కిందకీ జరుపుతున్నారు. ఆయన ఫిరంగుల దళంలో గుర్రాలని ఎంచినప్పుడు అలాగే చూసేవారట. మూడుసార్లు చూశారు.

"ఏమిటి పెదనాన్నా?"

"వేళ్ళు కలవడం లేదే," అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"ఎముక ఉందే దీనికి. మన ఎముకే. నేను వాడికి పుల్లలు పుడతాయని రాశాను." కాలు మెల్లిగా కింద పెట్టారు. "బతికుంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదేమో. చెయ్యి పెట్టి చూసేవాణ్ణే కాదు."

దాన్ని దిబ్బ వెనక, నీళ్ళు ఎక్కని చోట పూడ్చాం. గొయ్యి టోడె తవ్వాడు. పెదనాన్నని తవ్వనివ్వలేదు, అయినా చివరి పార మట్టి ఆయనే వేశారు.

ఇల్జబెకి జ్వరం దిగింది. నిన్న ఓట్స్ దాణా తింది. దగ్గు తగ్గితే మే నెలాఖరుకి మళ్ళీ ఎదకి తీసుకెళ్ళొచ్చని డాక్టరు, రైమర్స్ ఇద్దరూ అంటున్నారు. పదమూడేళ్ళ గుర్రం, చావు చూసి వచ్చింది. ఇంకోసారి చూడి కట్టించడం దాని మీద దయ కాదేమో. కట్టించకపోతే దానితో ఈ వంశం అయిపోతుంది. రాత్రింబవళ్ళు ఇదే ఆలోచన. పెదనాన్నని అడిగితే, "మీ ఇద్దరిదీ కదా, ఇద్దరూ తేల్చుకోండి. నేనింక ఎవరికీ ఉత్తరాలు రాయను," అన్నారు.

అందుకని అడుగుతున్నాను. తీసుకెళ్ళనా? ఈసారి నీ జవాబు వచ్చేదాకా కదలను. అదను దాటిపోయినా సరే.

అక్క


రోటర్‌డామ్, 19 మార్చి 1962

అక్కా,

ఓడ దిగాను. కాగితాల పని రెండు రోజులు పడుతుందంటున్నారు. ఆ తర్వాత రైలు.

వద్దని రాద్దామని ఒకసారి, తీసుకెళ్ళమని ఒకసారి కాగితం తీశాను. రెండూ చింపేశాను. నువ్వు పోయినేడు దాని పక్కన నడుస్తూ వెళ్ళి నిర్ణయం తీసుకున్నావు. నేను భూమికి అవతల కూర్చుని తీసుకున్నాను. అది మళ్ళీ చెయ్యను.

ముందు దాన్ని చూస్తాను. దగ్గు వింటాను. నీతోపాటు నాలుగు రోజులు దాని కొట్టం ఊడుస్తాను. అది మళ్ళీ తలెత్తి కాలవ వైపు చూస్తే, ఎల్మ్స్‌హోర్న్ దాకా నేనే నడిపించుకెళ్తాను. నువ్వు అవతలి పక్కన నడువు. చూడకపోతే అది మన దిబ్బ మీద ముసలిదై బతుకుతుంది, ఎవరూ ఏమీ అడగరు.

ఎల్మ్స్‌హోర్న్ స్టేషనుకి ఎవరూ రావద్దు. బురదలో పెదనాన్న బయల్దేరతారు, ఆపు. నేనే వస్తాను.

నా కాగితం వల్ల పదకొండు ఆవుల్ని పోగొట్టుకున్న ఆయన ఏమంటారో అని కాస్త భయంగానే ఉంది.

నీ తమ్ముడు మార్టెన్